కనబడని నొప్పికి రక్తమే సాక్షి
(టి. నగర్‌లో తెలుగువారి సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము, మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారము. వైద్య విషయమును గూర్చి మాటలాడుట సాహసమే. అయినను మా వలన జరిగిన తప్పు మమ్ము ఊరకుండనీయలేదు.

పాడేరు ప్రాంతమునుండి వచ్చి మా అంగడిలో పనిచేయుచుండిన యువకుడొకడు తరచు ఎముకల నొప్పులని పడుకొనెడివాడు. గాయము లేదు, జ్వరము లేదు. బద్ధకమని తలచి జీతము కోసితిమి. తుదకు అది కొడవలి కణ వ్యాధి, అనగా సికిల్ సెల్, అని రక్తపరీక్షలో తేలినది. కోసిన జీతము తిరిగి ఇచ్చితిమి గాని ఆడిన మాటలను వెనుకకు తీసికొనలేకపోతిమి.

ఈ వ్యాధి హీమోగ్లోబిన్ అను ప్రొటీనులోని దోషమువలన కలుగునని 1949లో లైనస్ పాలింగ్ బృందము తెలిపినది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణములు కొడవలివలె వంగి సన్నని రక్తనాళములకు అడ్డుపడును. నొప్పికి మూలమదియే. 1952లో లేమన్, కట్‌బుష్ అను పరిశోధకులు మన నీలగిరులలోని గిరిజనులయందే ఈ లక్షణమును గుర్తించిరి.

ఒకే వ్యాధి ఒకరిని మంచమున పడవేయును, మరియొకరిని తిరుగనిచ్చును. ఏల? గర్భస్థ శిశువునందుండు హీమోగ్లోబిన్ కొందరిలో పెద్దయిన పిదపను మిగిలియుండును. అది హెచ్చుగా నున్న కణములు అంతగా వంగవు. హైడ్రాక్సీయూరియా అను మందు దానిని పెంచును. కణములు చిట్లినకొలది హాప్టోగ్లోబిన్ అను ప్రొటీను తరుగును. నొప్పి తీవ్రమైనప్పుడు సి-రియాక్టివ్ ప్రొటీను పెరుగును. కాని అది ఇతర జ్వరములలోను పెరుగును. ఒక్క పద్దు చూచి వర్తకుడు లాభనష్టములు తేల్చడు గదా! వైద్యులును ఈ లెక్కలతోబాటు రోగి చెప్పు మాటను కలిపియే తీర్పు చెప్పుదురు.

ఇది కొండవారి జబ్బు, మనకేల యనరాదు. దీని నిర్మూలనకై కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము నారంభించి, 2047ను గడువుగా పెట్టుకొన్నది. తల్లిదండ్రులిద్దరును ఈ లక్షణము మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక పాలు వ్యాధి భయము కలదు. కావున సంబంధములు కలుపుకొనునప్పుడు జాతకములతోబాటు రక్తపరీక్షయు చూచుకొనుడు. ఫలితమును దాచకుడు; అది వంశమునకు మచ్చ కాదు.

అంగళ్ళు గల సోదరులకు మా మనవి ఒక్కటే. పనివాడు నొప్పి యన్నచో ముందు నమ్ముడు. మంచినీరిచ్చి, విశ్రాంతినిచ్చి, వైద్యుని కడకు పంపుడు. జీతపు లెక్క తరువాత చూచుకొనవచ్చును.