మూడు రూపాయల మిత్తి ముందు తీరాలె

2024ల రెండు లక్షల దాకా పంట రుణమాఫీ ఇచ్చిండ్రు. రానోళ్లున్నరు, ఆ కొట్లాట వేరే. కానీ నల్లగొండల బత్తాయి తోట ఎండొద్దని బోరు మీద బోరు ఏసి, పాలమూరుల బిడ్డ పెండ్లికని మనం షావుకారు దగ్గర తెచ్చింది ఏ మాఫీల లేదు. నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36. బ్యాంకు పంట రుణం గడువుల కడితే 4 రూపాయలే. ఆ గడువు దాటనియ్యొద్దు. పత్తి పైసలల్ల మిగిలిందంతా షావుకారు అసలుకే కడదాం.

మనిండ్లల్ల ఆయన ప్రాంసరీ నోటు రాసిచ్చింది ఆమెకు చెప్పడు, ఆమె పొదుపు సంఘం కిస్తీకి చెయిబదులు తెచ్చింది ఆయనకు చెప్పదు. పిల్లల ఫీజు కట్టే రోజు రెండూ బయటపడ్తయి. అంతకు ముందే ఇద్దరు కూసొని ఒక్క కాగితం మీద రాసుకోండ్రి.

చిన్న రైతులకు, కూలీలకు రుణ విమోచన కమిషన్ చట్టం 2016 నుంచి ఉన్నది. ఆ కాగితం పట్టుకొని రండ్రి, దరఖాస్తు కలిసి రాద్దాం.