తాళం వేయమంటున్నారు, ఏ గదికి?

(మహిళా రైతులు, వ్యవసాయ కూలీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పురుగుమందును పిల్లలకు అందకుండా, తిండిగింజలకు దూరంగా, తాళం వేసిన చోట ఉంచాలని అంటారు. తప్పుడు సలహా కాదు. కాని ఎలాంటి ఇంటిని మనసులో పెట్టుకుని ఇస్తున్న సలహా ఇది? ఒక్క గది, ఒక వసారా ఉన్న ఇంట్లో వంటా, పడకా, విత్తనాల సంచీ, మందు డబ్బా అన్నీ అక్కడే. మందు చూరులోనో, అటక మీదనో, మంచం కిందనో ఉంటుంది. పత్తి రైతుకు అది అప్పు చేసి తెచ్చిన సరుకు. పొలం దగ్గర వదిలితే ఎవరెత్తుకుపోతారోనని భయం.

డబ్బా మీద ఎర్ర గుర్తు ఉంటే అత్యంత విషమని అర్థం. తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ సంగతులు చెప్పే శిక్షణకు సాధారణంగా పిలుపు వచ్చేది పట్టా ఎవరి పేర ఉంటే వారికే. మందు కలపడానికి నీళ్లు మోసేది, తడిసిన బట్టలు ఉతికేది, ఇల్లు సర్దుతూ ఆ డబ్బాను అటూ ఇటూ జరిపేది మాత్రం ఆమె. ప్రమాదం జరిగితే 'ఇంట్లో ఆడదానికి ఆ మాత్రం జాగ్రత్త లేదా' అన్న మాటా ఆమెకే.

2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నూనె తేడాగా ఉందని వంట చేసే స్త్రీ చెప్పినా వినలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె పసిగట్టగలిగింది. పొయ్యి ఆర్పే అధికారమే లేదు.

మనం మాట్లాడటానికి వెనకాడే విషయం ఇంకొకటుంది. మనసు విరిగిన రాత్రి చేతికందే దూరంలో ఈ మందు ఉండటం. శ్రీలంకలో 180 గ్రామాల్లో పరిశోధన చేసి, సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, పెట్టెల వల్ల మందు తాగే ఘటనలు తగ్గలేదు. అదే దేశంలో 1995 నుంచి అతి విషపూరితమైన మందులను నిషేధిస్తూ వచ్చాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలోని రెండు ఊళ్లలో మందును ఇళ్లలో కాక ఉమ్మడి గదిలో, ఎవరి అరకు వారి తాళంతో ఉంచి చూశారు. అక్కడ తగ్గుదల కనిపించిందని 2013లో ప్రచురించారు. చిన్న ప్రయోగమే. కాని పెట్టె కంటే ఇదే సరైన దారి అనిపిస్తుంది నాకు, ఎందుకంటే ఇక్కడ మందు గడప దాటి లోపలికి రాదు.

కాబట్టి వ్యవసాయశాఖను మనం అడగాల్సింది పెట్టెలు కాదు. ఊరికో ఉమ్మడి గది, దాని నిర్వహణలో స్త్రీలు, పట్టాతో నిమిత్తం లేని శిక్షణ, ఎర్ర గుర్తు మందుల నిషేధం. అవి వచ్చేలోగా, ఒక్క పిచికారీకి సరిపడా మాత్రమే తెమ్మని ఇంట్లో పట్టుబట్టండి. కూల్‌డ్రింక్ సీసాల్లోకి ఒంపనివ్వకండి. ఖాళీ డబ్బాను ఎంత కడిగినా నీళ్లకూ నూనెకూ వాడకండి. డబ్బా మీది కాగితం చింపనివ్వకండి. ఎవరి ఒంట్లోకైనా మందు వెళితే ఆ డబ్బానూ ఆస్పత్రికి పట్టుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు వెతుక్కోనక్కర్లేదు.