ఈత కొలనులు - ఆరోగ్యము



పూర్వము పల్లెలలోని పిల్లలు బావులయందును, చెరువులయందును ఈత నేర్చుచుండిరి. నేడు వేసవి సెలవులు రాగానే పలువురు సమీప పట్టణములలోని ఈత కొలనులకు పోవుచున్నారు. ఈత మంచి వ్యాయామమే. కాని ఆరోగ్యము కొరకు పోయిన బిడ్డ రోగముతో తిరిగి రాకుండవలెనన్న కొన్ని సంగతులు తెలిసికొనవలసియున్నది.

కొలను నీటిలో క్రిములను చంపుటకు క్లోరిను కలుపుదురు. లీటరు నీటికి కనీసము 1 మిల్లీగ్రాము క్లోరిను నిలిచియుండవలెను. అప్పుడు పెక్కు క్రిములు కొద్ది నిమిషములలోనే నశించును. ఘాటైన మందువాసన వచ్చు కొలను మిక్కిలి శుభ్రమైనదని చాలమంది తలంతురు. ఇది పొరపాటు. స్నానము చేయక దిగినవారి చెమట, మురికి, నీటిలో విడిచిన మూత్రము క్లోరినుతో కలిసినపుడే ఆ ఘాటు పుట్టును, కన్నులు మండును. క్రిములను చంపవలసిన మందు మన మురికికే ఖర్చయిపోవుచున్నదని దాని అర్థము.

నీళ్ల విరేచనములను కలిగించు క్రిప్టోస్పోరిడియం అను సూక్ష్మజీవి, తగినంత క్లోరిను ఉన్న నీటిలో సైతము 7 దినములకు పైగా బ్రతుకగలదు. ఒక్క రోగి దిగినను, ఆ నీరు మ్రింగిన పిల్లలకెందరికో అది సోకవచ్చును. కావున విరేచనములగుచున్న బిడ్డను, ఎంత మారాము చేసినను, కొలనుకు పంపకుడు. ఆ వ్యాధియని వైద్యుడు చెప్పినచో, తగ్గిన పిదప కూడ 2 వారములు ఆగవలెను.

క్లోరిను చాలని వెచ్చని నీటిలో నేగ్లేరియా అను అమీబా పెరుగవచ్చును. అది నీరు త్రాగుటవలన సోకదు. ముక్కులోనికి నీరు పోయినపుడు మెదడునకు చేరును. ఈ వ్యాధి అరుదే కాని ప్రాణాంతకము. 2025లో కేరళ రాష్ట్రమున ఇట్టి అమీబాల వలన కలుగు మెదడువాపు పలువురిని బలిగొన్నది. చెరువులలో, కుంటలలో ఈదు పిల్లలకును ఈ హెచ్చరిక వర్తించును.

తల్లిదండ్రులు చేయవలసినది కష్టమైనది కాదు. దిగుటకు ముందు బిడ్డకు సబ్బుతో స్నానము చేయించుడు. మూత్రవిసర్జనకు ముందే పంపుడు. నీరు మ్రింగవద్దని చెప్పుడు. మానని పుండు ఉన్నచో దింపకుడు. బయటికి వచ్చిన పిదప మరల స్నానము చేయించి, చెవులు తుడువుడు. కొలను అడుగు స్పష్టముగా కనబడనిచో వెనుకకు మరలుడు. నేడు క్లోరినును పరీక్షించితిరా యని నిర్వాహకుని అడుగుడు. అడుగుట మీ హక్కు.

మందు వేయువాడొక్కడే నీటిని కాపాడలేడు. దిగు ప్రతివారును శుభ్రముగా దిగిననే అందరి బిడ్డలును క్షేమముగా ఇల్లు చేరుదురు.