సామాన్యుని ఇల్లు – ప్రభుత్వ సహాయము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఈ రెండు కార్యములను ఒకే త్రాసున తూచిరి. చేతిలోని ధనమునకును, తలపెట్టిన పనికిని పొంతన కుదరదనియే ఆ మాటకు తాత్పర్యము. పెండ్లి వేడుక కొన్ని దినములతో ముగియును. ఇంటికై చేసిన అప్పు మాత్రము ఇరువది యేండ్లు వెంట నడచును. కావున ఇల్లు కట్టుకొనుటకుగాని, కొనుటకుగాని, అద్దెకు తీసికొనుటకుగాని ప్రభుత్వము చేయు సహాయమెట్టిదో, దానిని గృహస్థు ఎట్లు వినియోగించుకొనవలెనో నేడు కొంత విచారింతము.

ఈ సమస్య మనకు క్రొత్తది కాదు. 1908లో మూసీనది వరద హైదరాబాదు నగరమును ముంచివేసినది. అటుపిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఇరుకు వాడలను తొలగించి, గాలియు వెలుతురును గల యిండ్లను సామాన్యులకై నిర్మించుట దాని పనులలో నొకటి. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వము 1952లో పారిశ్రామిక కార్మికులకును, 1954లో స్వల్పాదాయ వర్గములకును గృహపథకములను ప్రారంభించెను. 1970లో హడ్కో సంస్థ వెలసెను. కూకట్‌పల్లిలో హౌసింగు బోర్డు నిర్మించిన కాలనీని ఎరుగనివారు అరుదు. తొలినాళ్ళలో ప్రభుత్వమే ఇల్లు కట్టి యిచ్చుట ముఖ్యపద్ధతిగా నుండెను. క్రమముగా కట్టుకొనువారికి ధనసహాయము చేయుటకు ప్రాముఖ్యము హెచ్చెను.

గ్రామములలో ఈ పద్ధతి స్పష్టముగా కనబడును. 1985లో ఆరంభమైన ఇందిరా ఆవాస యోజన స్థానమున 2016లో ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన వచ్చెను. మైదాన ప్రాంతములలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండప్రాంతములలో 1,30,000 రూపాయలు దీని సహాయముగా నిర్ణయింపబడెను. ఇల్లు కనీసము 25 చదరపు మీటర్లు ఉండవలెను. తెలంగాణములో 2024 మార్చి 11న భద్రాచలమున ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము సహాయమును 5 లక్షల రూపాయలుగా ప్రకటించెను. ఆంధ్రప్రదేశములో 2020 డిసెంబరు 25న ఇండ్లస్థలముల పట్టాల పంపిణీ మొదలై, 30 లక్షలకు పైబడిన మహిళల పేరిట పట్టాలు ఈయ నుద్దేశింపబడెను. పట్టణములలో ఇచ్చిన స్థలము ఒక సెంటు. అనగా సుమారు 48 చదరపు గజములు.

ఈ సహాయమంతయు ఒక్కసారి చేతికి రాదు. బేస్‌మెంటు, గోడలు, స్లాబు అను దశలు పూర్తియైన కొలది బిల్లులు మంజూరగును. ధనము పెడదారి పట్టకుండుటకు ఈ కట్టుబాటు అవసరమే. కాని పునాదికే పైకము లేని నిరుపేద మొదటి బిల్లు రాకమునుపే నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి అప్పు చేయునెడల, సహాయములో కొంతభాగము వడ్డీవ్యాపారికి చేరును. అందుచేత పని మొదలుపెట్టకముందే తొలిదశకు కావలసిన సొమ్ము సమకూర్చుకొనవలెను. ఇంటి ఇల్లాలు స్వయంసహాయక సంఘములో సభ్యురాలైనచో, ముందుగా అచ్చట ఋణమునకు విచారించుట మేలు. పునాది వేయుచున్నప్పుడు పెద్దయింటిపై ఆశ కలుగుట సహజము. ఆ ఆశకు లోబడి నాలుగడుగులు పెంచినవారి గోడలు స్లాబునకు నోచుకొనక ఏండ్ల తరబడి నిలిచియుండుట మన ఊళ్ళలో చూచుచునే యున్నాము.

ఇక పట్టణములలో బ్యాంకు ఋణముపై ఇల్లు కొనువారి సంగతి. 2024 సెప్టెంబరు 1న ఆరంభమైన పట్టణ ఆవాస యోజన రెండవ విడత, ఏటా 9 లక్షల రూపాయలవరకు ఆదాయముగల కుటుంబములకు వడ్డీ సబ్సిడీని ఏర్పరచెను. ఇంటివిలువ 35 లక్షలును, ఋణము 25 లక్షలును మించరాదు. ఋణములో మొదటి 8 లక్షలపై నూటికి 4 వంతున సబ్సిడీ లెక్కగట్టి, మొత్తము 1,80,000 రూపాయలకు మించకుండ, ఐదు వార్షిక వాయిదాలలో జమచేయుట దీని పద్ధతి. వాయిదాలు తప్పినవారికి ఈ మేలు దక్కదు.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూతము. 8 లక్షల ఋణమును నూటికి ఎనిమిదిన్నర వడ్డీపై 20 సంవత్సరములలో తీర్చినచో నెలకు సుమారు 6,940 రూపాయలు చెల్లింపవలెను. మొత్తము 16 లక్షల 66 వేలగును. అదే ఋణమును 12 సంవత్సరములలో తీర్చినచో నెలవాయిదా సుమారు 8,880. మొత్తము 12 లక్షల 79 వేలు. నెలకు 1,940 రూపాయలు అదనముగా కట్టగలిగిన కుటుంబమునకు మిగులునది 3 లక్షల 87 వేలు. ప్రభుత్వ మిచ్చు సబ్సిడీకి ఇది రెండింతల కంటె ఎక్కువ! అయినను నెలకు 25 వేలు సంపాదించువానికి 8,880 అనగా ఆదాయములో మూడవవంతునకు పైమాట. పిల్లల చదువు, వైద్యము, తిండి పోగా మిగులుదానిని బట్టియే గడువు నిర్ణయించుకొనవలెనుగాని, బ్యాంకు ఎంత యిచ్చునో అంతయు తీసికొనుట వివేకము కాదు.

ప్రతివారును ఇల్లు కొనియే తీరవలెననుటయు సరికాదు. పనివెంట ఊరు మారు కార్మికునకు, చదువుకై వచ్చిన విద్యార్థికి కావలసినది సరసమైన అద్దెకు లభించు గది. ఈ అవసరము 2020లో వలసకార్మికులు కాలినడకను స్వగ్రామములకు మరలినప్పుడు లోకమునకు తేటతెల్లమయ్యెను. ఆ యేడే కేంద్రము సరసమైన అద్దెయిండ్ల పథకమును ప్రకటించెను. 2021లో రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము, నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదనియు, ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెననియు సూచించెను. రాష్ట్రములు దానిని శాసనముగా చేసినప్పుడే అది అమలగును. అయినను ఒప్పందమును కాగితముపై పెట్టుకొనుటకు ఏ చట్టమునకై వేచియుండ నక్కరలేదు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. ఆవాస యోజన సహాయము దేశములో ఎచ్చటను పక్కాయిల్లు లేని కుటుంబమునకే. దరఖాస్తు గ్రామపంచాయతీలోగాని, పురపాలక కార్యాలయములోగాని స్వయముగా విచారించి పెట్టుకొనవలెను; మంజూరు చేయింతునని ముందుగా సొమ్మడుగు దళారిని గుమ్మమెక్కనీయరాదు. కొను ఇంటికి లింకు దస్తావేజులు, ఇ.సి. చూపించుకొనక బయానా ఈయరాదు. ఇల్లు భార్య పేరిటగాని, దంపతులిరువురి పేరిటగాని వ్రాయించుట కేవలము పథకపు నియమమని తలంపరాదు. కష్టకాలమున ఆమెను, బిడ్డలను వీధిపాలు కానీయని రక్షణ అదియే. ప్రభుత్వ మిచ్చునది ఒక చేయూత మాత్రమే. దానికి గృహస్థుని ముందుచూపు తోడైననాడే నాలుగు గోడలు ఇల్లగును.