కెమెరాలో మన అందాజా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాకు కెమెరాతో పనేమిటని కొందరికి తోచవచ్చును. స్కాలర్‌షిప్పు దరఖాస్తులకు మా బడి పిల్లల ఫోటోలు మేమే తీస్తున్నాము. అందులో ఒక చిక్కు ఉన్నది. అదే గోడ, అదే కిటికీ వెలుగు. అయినా తెల్ల కుర్తా తొడిగిన పిల్లవాడి ముఖం నల్లబడుతుంది. వెనుకనే నల్ల బురఖాలో కూర్చున్న తల్లి ముఖం పాలిపోతుంది. ఎందుచేత?

కెమెరాకు కుర్తా తెలియదు, బురఖా తెలియదు. ఎదుట ఉన్నదంతా నడి బూడిద రంగేనని ఎంచుకొని వెలుగు కొలుస్తుంది. తెలుపు ఎక్కువుంటే వెలుగు తగ్గిస్తుంది, నలుపు ఎక్కువుంటే పెంచుతుంది. కొత్త కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గాని, పూర్తిగా నమ్మడానికి లేదు.

డయలును ‘ఎం’ అక్షరం దగ్గరకు తిప్పితే లెక్క మన చేతికి వస్తుంది. లెక్కలు మూడే. మొదటిది అపర్చరు, అనగా లెన్సు లోపలి కన్నం. ఎఫ్ 4 నుండి ఎఫ్ 5.6 కు పోతే కన్నం చిన్నదై వెలుగు సగమవుతుంది. రెండవది షట్టరు, అనగా తలుపు తెరిచి ఉంచే సమయం. 1/125 సెకను బదులు 1/250 పెడితే వెలుగు సగమే. మూడవది ఐ.ఎస్.ఓ. 400 ను 800 చేస్తే ఫోటోలో వెలుగు రెట్టింపు. కాని ఇసుక చల్లినట్టు చుక్కలు కూడా పెరుగుతాయి. ఒకచోట సగం తగ్గిస్తే మరొకచోట రెట్టింపు చేయాలి. తక్కెడ తూకమే గదా!

నేర్చుకునేవారు ఇట్లా మొదలుపెట్టండి. కూర్చున్న మనిషికి షట్టరు 1/125, అపర్చరు ఎఫ్ 5.6 ఉంచండి. ఐ.ఎస్.ఓ. ఒక్కటే 400 నుండి మార్చుతూ, ముఖం సరిగా వచ్చేదాక తీసి చూడండి. ఫిలిం ఖర్చు లేదు. కుదిరినాక ముట్టుకోవద్దు. వెలుగు మారనంతసేపు, ఎవరు ఏ బట్టలతో కూర్చున్నా ముఖం ముఖంలాగే వస్తుంది. మబ్బు కమ్మితే మాత్రం మళ్లీ చూసుకోవాలి. ఎండా నీడా క్షణక్షణం మారే ఊరేగింపులో ఆటో వాడుకోండి, అందులో నామోషీ లేదు.

ఆరవ నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫోటోలు తీసిన కాలంలో కెమెరాలో వెలుగు కొలిచే యంత్రమే లేదు. పని నడిచింది కంటి అందాజాతోనే. ఆ అందాజా మన పిల్లలకూ అబ్బాలి. మన ఇళ్లలో ఎందరో పెద్దలు పోయినాక మిగిలేది ఏదో కార్డు మీది ఒక్క ఫోటోయే. ఆ ఒక్కటైనా వారి ముఖంలా ఉండాలని మనవి చేసి, సెలవు తీసుకుంటున్నాము.