దొర ఇంట పుట్టి సంఘం వైపు నిలిచినవాళ్ళు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రచయితలంతా ఒకే పందిట్లో కూర్చున్నారు. ఇలాంటప్పుడు అధ్యక్షుడు అందరినీ మెచ్చుకుని దిగిపోవాలి. నేను మాత్రం చిన్న పేచీ పెడతాను. అది చెప్పేముందు కాస్త దూరం వెళ్ళొస్తాను.

1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరీ' రాసి, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ అమెరికాలో 1865లో అంతర్యుద్ధం ముగిసింది. బానిసత్వం రద్దయింది, ఆ వెనుక ఓటూ వచ్చింది. భూమి మాత్రం రాలేదు. దొరల భూములు గుంజి మనిషికి 40 ఎకరాలివ్వాలని థాడియస్ స్టీవెన్స్ పట్టుబట్టినా కాంగ్రెస్‌లో ఎక్కువమంది వినలేదు. అప్పటికే పంచిన కొద్ది భూమినీ అధ్యక్షుడు జాన్సన్ పాత యజమానులకు అప్పజెప్పాడు. దక్షిణాదిలోనే పుట్టి నల్లవాళ్ళ పక్షాన నిలిచిన తెల్లవాళ్ళను సొంతవాళ్ళే తిట్టిపోశారు.

అలాంటివాళ్ళు మన గడ్డ మీదా ఉన్నారు. మన దగ్గర మనిషిని సంతలో అమ్మలేదు గానీ, అప్పు పేరున తరాలకు తరాలు కట్టేశారు. ఇలా అప్పు కింద మనిషిని కట్టేసే భగేలా ఒప్పందాల మీద 1936లోనే నిజాం సర్కారు నిబంధన తెచ్చింది. ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య రాశారు. అంత భూమి ఉన్న గడీలో ఆ నిబంధన కాగితాన్ని చదివి వినిపించే మొనగాడెవడు?

కరివిరాల కొత్తగూడెంలో, భూస్వాముల ఇంట్లో, పదీ పదకొండేళ్ళ పిల్ల వెట్టివాళ్ళకు వడ్లు పంచింది. పెద్దలు గుర్రుమన్నారు, తల్లి చొక్కమ్మ కూతురి పక్షాన నిలబడింది. ఆ పిల్లే మల్లు స్వరాజ్యం. ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు నడిపాడు, తర్వాత మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు. ఈ కథ మనం చాలాసార్లు చెప్పుకున్నాం. వడ్లు ఇచ్చిన చేయి మనకు తెలుసు. కొంగు పట్టిన మనిషి పేరు మన సాహిత్యంలో ఎక్కడుంది? దొర పనికి పోనని మొదట మొండికేసింది ఆమె. తిరగబడితే దెబ్బలు పడేదీ ఆమెకే. నా పేచీ ఇదే.

కోదాడ మిత్రులు నొచ్చుకోకపోతే మరో మాట. మునగాల రాజా నాయని వెంకట రంగారావు మనకు ప్రాతఃస్మరణీయుడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబడటానికి ఆయన చేయి ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దివానే. కానీ 1930ల్లో అదే మునగాల పరగణా రైతులు వెట్టి రద్దు చేయాలని ఆ జమీందారీ మీదే తిరగబడ్డారు. గ్రంథాలయ చరిత్ర ఒక పుస్తకంలో, రైతు పోరాటం ఇంకో పుస్తకంలో ఉండటం మనకు హాయిగానే ఉంది. తెలుగును ఆదరించినంత మాత్రాన తెలుగు మాట్లాడే పాలేరుకు ఆప్తుడైపోడు.

ఆప్తుడెవరో తేలేది గొడవ సద్దుమణిగాకే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలతో తిరిగొచ్చారు. పోరాటంలో పంచిన భూములు చాలాచోట్ల మళ్ళీ చేతులు మారాయి. జాన్సన్ కాలం నాటి కథే, ఎనభై ఏళ్ళు ఆలస్యంగా. ఇక ఆయుధాలు దించాలని దొర ఇంటివాడే అయిన పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి అంటే, భీమిరెడ్డి వంటివాళ్ళు అడవి పట్టారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ. ఎవరిది ఒప్పు అన్న తగవులో నేను తలదూర్చను. ఇద్దరూ పుట్టింటి ఆస్తి వైపు తిరిగి చూడలేదు, నాకది చాలు. ఈలోగా 1950 కౌలుదారీ చట్టం వచ్చింది. అయినా వెట్టిచాకిరీని దేశమంతటా చట్టంతో రద్దు చేయడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

మళ్ళీ నా పేచీకే వస్తాను. సూర్యాపేట నుంచి శాసనసభకు వెళ్ళిన దళిత కమ్యూనిస్టు ఉప్పల మల్సూర్ మీద ఈ రెండు రోజుల కార్యక్రమ పత్రంలో ఒక్క ప్రసంగమూ లేదు. భీమిరెడ్డి మీద మూడున్నాయి. ఆ వక్తల్లో ఒకరు తన సమయంలో సగం మల్సూర్‌కు ఇస్తానంటే, అధ్యక్షుడిగా గంట కొట్టకుండా వింటాను.