పాత సూక్ష్మదర్శినికి ఇంటిలో విడిభాగాలు
(ప్లాటినం జూబ్లీ విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్లు నిండిన ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా ఒక మూల బీరువా ఉంటుంది. అందులో గుడ్డ కప్పిన పాత సూక్ష్మదర్శినులు రెండు మూడుంటాయి. ఒకదానికి దర్పణం పగిలి ఉంటుంది. ఒకదానికి గాజుపలకను అదిమిపట్టే క్లిప్పు పోయి ఉంటుంది. మరొకదాని గొట్టం ఎంత పైకెత్తినా తనంతట తానే జారిపోతుంది. జాబితాలో వాటి ఎదుట “పనికిరానివి” అని వ్రాస్తారు. ఆపైన అవి తూకానికి పోతాయి. కటకాలు చెక్కుచెదరని యంత్రం రెండంగుళాల రేకుముక్క లేని కారణాన పాత ఇత్తడి ధరకు పోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ రేకుముక్కను ఇంటిలోనే చేసుకోవచ్చునని మనవి చేయడానికే ఈ ప్రసంగం.

షోలాపురంలో ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు. పడుగు పేకల పోగులను అంగుళానికి ఇన్నని భూతద్దంతో లెక్కించడం ఎరిగిన కుటుంబాలు మనవి. హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో సూక్ష్మజీవులను తొలిసారి చూచిన లీవెన్‌హుక్ (1632–1723) కూడా బట్టల వర్తకుడే. తన కటకాలనూ, వాటిని పట్టే లోహపు పలకలనూ ఆయన స్వయంగా చేసుకున్నాడు.

విడిభాగం చేయడంలో సగం పని కొలవడమే. వస్తుకటకం బిగించే మర విషయంలో మనకొక అదృష్టం ఉన్నది. లండనులోని మైక్రోస్కోపికల్ సొసైటీ 1858లో ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది: అంగుళానికి 36 చుట్లు, వ్యాసం సుమారు 20.3 మిల్లీమీటర్లు. ఆ తర్వాత చాలామంది తయారీదారులు దానినే అనుసరించారు. అందువల్ల ఒక కంపెనీ వస్తుకటకం మరొక కంపెనీ సూక్ష్మదర్శినికి సాధారణంగా పడుతుంది. మిల్లీమీటర్ల లేతు మీద ఈ మర కచ్చితంగా రాదు. దాని అసలు అంతరం 0.7056 మి.మీ.; లేతు ఇచ్చేది 0.7. నాలుగైదు చుట్లున్న పొట్టి మరలో తేడా 0.03 మి.మీ. లోపే కనుక కొంచెం వదులుగా కోస్తే సరిపోతుంది. అక్షికటకం గొట్టానికి 23.2 మి.మీ. సర్వసాధారణం. అయినా పాత వాటిలో వేరు కొలతలున్నాయి. వెర్నియర్ పెట్టి చూడకుండా దేనినీ నమ్మవద్దు.

మొదట చేయదగినది క్లిప్పు. ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీ దొరికితే అదే మేలు. తుప్పు పట్టదు, కాల్చి పదును పెట్టే అవసరం లేదు. పాత గడియారపు స్ప్రింగుతో చేయదలిస్తే ముందు ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడే రంధ్రం పడుతుంది. వంచిన తర్వాత మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, పైపొరను రుద్ది, నీలిరంగు వచ్చేవరకు మరల వేడిచేయాలి. కొసను కొద్దిగా పైకి తిప్పడం మరువరాదు. లేకుంటే గాజుపలక కిందికి దూరదు.

దర్పణం ఇంకా సులభం. అద్దాలు కోసేవాని చేత మామూలు అద్దాన్ని పాతదాని వ్యాసానికి, మందానికి గుండ్రంగా కోయించుకోవచ్చు. పుటాకార దర్పణం పోయిందని దిగులుపడేవారున్నారు. యంత్రానికి కండెన్సర్ ఉంటే దానితో వాడవలసింది సమతల దర్పణమే. పుటాకార దర్పణం ప్రధానంగా కండెన్సర్ లేని వాటికి కావాలి.

జారిపోయే గొట్టం సంగతి వేరు. అక్కడ తరచు కొత్త భాగమే అక్కరలేదు. పళ్ళచక్రాన్ని పట్టి ఉంచే దిమ్మె మరలను కొంచెం బిగిస్తే చాలు. అరిగి ఉంటే దిమ్మె వెనుక పలుచని ఇత్తడి రేకు పెట్టవచ్చు. దీనికి వ్యతిరేకంగా, పిడి కదలకుండా బిగుసుకుపోతే అది గట్టిపడిన పాత గ్రీజు పని. బలవంతంగా తిప్పితే పళ్ళు విరుగుతాయి. కటకాలను ముందుగా తీసి దూరంగా ఉంచి, కిరసనాయిలుతో పాత జిడ్డును కడిగి, కొత్త గ్రీజు రాయాలి.

కష్టమైనది ప్లాస్టిక్ పళ్ళచక్రం. యుద్ధానంతరం పశ్చిమ జర్మనీలో తయారైన జైస్ స్టాండర్డ్ తరగతి యంత్రాలలో కొన్నింటికి ఇది ప్రసిద్ధమైన జబ్బు. ఉక్కు ఇరుసు మీద బిగించిన ప్లాస్టిక్ కాలక్రమాన కుంచించుకుపోయి పళ్ళ నడుమ పగులుతుంది. కొత్తది చేయడానికి పళ్ళను లెక్కించి, ఆ సంఖ్యకు రెండు కలిపి, బయటి వ్యాసాన్ని దానితో భాగించాలి. ఇరవై పళ్ళకు వ్యాసం 11 మి.మీ. అయితే 0.5 వస్తుంది. పళ్ళచక్రాలు కోసేవారు మాడ్యూల్ అని అడిగేది ఈ అంకెనే. పగులు విచ్చుకున్నప్పుడు వ్యాసం ఎక్కువగా కనబడుతుంది కనుక పగులును మూసిపట్టి కొలవాలి. ఇత్తడితో కోయించినా, నేటి త్రీడీ ప్రింటర్ మీద చేయించినా, రంధ్రాన్ని ఇరుసుపై సులువుగా జారేటంతగా ఉంచి జిగురుతో అతికించాలి. పాతదానిని పగలగొట్టినది ఆ బిగువే కదా!

ఇక చేయకూడనివి. వస్తుకటకాన్ని విప్పవద్దు. లోపలి కటకాల మధ్య దూరం తప్పితే దానిని ఇంటిలో సరిచేయడం మనవల్ల కాదు. పాత ఇత్తడి మీది బంగారు ఛాయ లక్క పూత. స్పిరిటు తగిలితే అది కరిగిపోతుంది. ఇంటిలో బిందెలను తోమినట్లు చింతపండుతో తోమిన సూక్ష్మదర్శినులను నేను చూచాను. మెరుస్తాయి, నిజమే, పూత ఉండదు. అన్నిటికంటె ముఖ్యం: కొత్త ముక్క పట్టకపోతే కొత్త ముక్కనే ఆకురాయితో రాయాలి గాని, పాత శరీరం మీద ఆకురాయి పెట్టరాదు. కొత్తదానిపై చేసిన సంవత్సరం చెక్కి, విరిగినదానిని పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచితే రేపు మరొకరికి కొలతలు దొరుకుతాయి.

అంబాలాలో తయారైన కొత్తది కొంటే పోదా అని మిత్రులు కొందరు అడుగుతారు. తరగతికి పది కావాలంటే కొనవలసిందే. నాకు అభ్యంతరం లేదు. కాని కొనుగోలుకు డబ్బు మంజూరయ్యేదాకా పిల్లలు ఉల్లిపొర కణాలను పుస్తకంలోని బొమ్మలోనే చూస్తూ ఉండాలి. క్లిప్పు చేయడానికి ఒక ఆదివారం చాలు.

పని ముగిసిన తర్వాత ఒక పరీక్ష చేయండి. నూలుపోగు నుండి ఒక్క పీచు తీసి, నీటిబొట్టులో ఉంచి, కవర్‌స్లిప్పు వేసి, నూరు రెట్ల వద్ద చూడండి. నూలు పీచు మెలితిరిగిన నాడాలా కనబడాలి. పట్టుపోగైతే నునుపైన కడ్డీలా ఉంటుంది. ఇప్పుడు మరను మెల్లగా ముందుకూ వెనుకకూ తిప్పండి. పీచు స్పష్టాస్పష్టమవుతూ ఉన్నచోటనే ఉంటే మీ భాగం సరిగా కూర్చున్నది. పక్కకు జరుగుతూ ఉంటే మాత్రం దానిని విప్పి, ఎక్కడ వంకర ఉన్నదో మళ్ళీ కొలవండి.